పాటకి మూడుంబావు మార్కులా?

సూటిగా చెప్పేస్తాను. కొత్త సినిమా పాటలు బయటికొచ్చిన పూటే "3.25/5" అని మార్కులేసే పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మంట. మార్కు తక్కువేశారని కాదు, ఎక్కువేశారని కాదు. ఆ పావు ఎక్కణ్ణుంచొచ్చిందో ఎవరూ చెప్పరే, అదీ నా బాధ. మూడెందుకు కాదు? మూడున్నర ఎందుకు కాదు? ఆ పావు తూచిన తక్కెడ ఏ కొట్లో దొరుకుతుంది? కందిపప్పు తూచాలంటే పావు కేజీ రాయి ఉంటుంది. పాటకి ఏ రాయి వేసి తూచారు స్వామీ?

నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, అమెరికాలో ఒక క్లయింటు దగ్గర్నుంచి ఇంకో క్లయింటు దగ్గరికి తిరుగుతూ బతికే కన్సల్టెంటుని. పోనూ రానూ రోజుకి గంటన్నర కార్లో గడుస్తుంది. ఆ గంటన్నరా తెలుగు పాటే తోడు. అంచేత నా అర్హతలు రెండే: చెవులున్నాయి, అంకెలతో రోజూ పని చేస్తాను. ఈ గొడవకి ఆ రెండూ చాలు.

అసలు మన ఆడియో రివ్యూ ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. మొదటి పేరాలో హీరో గురించి, ఆయన కిందటి సినిమా గురించి, ఈ సినిమా మీదున్న "భారీ అంచనాల" గురించి. సంగీత దర్శకుడు "మంచి ఫామ్‌లో ఉన్నాడు" అని ఓ ముక్క. ఆ తర్వాత వరసగా పాటలు. ఒకటోది హీరో ఇంట్రడక్షన్, "ఎనర్జిటిక్‌గా ఉంది". రెండోది "సోల్‌ఫుల్ మెలోడీ". మూడోది "పెప్పీ నంబర్". నాలుగోది "యూత్‌కి బాగా కనెక్ట్ అవుతుంది". అయిదోది "మాస్‌ని ఊపేస్తుంది". ఆరోది రాసేవాడికి అంతు చిక్కలేదు, కాబట్టి "సిట్యుయేషనల్ సాంగ్, విజువల్స్‌తో చూస్తే బావుంటుంది". సాహిత్యం అయితే "క్యాచీగా ఉంది", లేకపోతే "అర్థవంతంగా ఉంది". మూడో రకం సాహిత్యం ఈ లోకంలో లేదు. చివర్లో ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, వాటి కింద లావుపాటి అక్షరాల్లో అంకె.

ఇప్పుడు ఇందులో సినిమా పేరూ, హీరో పేరూ తీసేసి ఇంకో సినిమా పేరు, ఇంకో హీరో పేరు పెట్టండి. ఎక్కడైనా అతుకు కనబడిందా? కనబడదు. మా వృత్తిలో దీన్ని టెంప్లేటు అంటాం. ఖాళీలు పూరించడమే పని. ఇందులో పాట విన్న మనిషి ఎక్కడున్నాడు? అతనికి ఏ చోట ఒళ్ళు గగుర్పొడిచింది, ఏ చోట విసుగొచ్చింది, ఏ చోట వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు? ఆ మనిషి జాడే లేదు. ఆ లేని మనిషి వేసిందే ఆ మూడుంబావు.

సరదాకి, 1980లో శంకరాభరణం పాటలకి ఈ టెంప్లేటు తగిలి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. "ఒక్క ఫాస్ట్ బీట్ కూడా లేకపోవడం మైనస్. క్లాస్ ఆడియన్స్‌కి మాత్రమే. 2.5/5". నవ్వొస్తుంది కదా. కానీ అసలు నవ్వుకోవాల్సింది 2.5 వేసినందుకు కాదు. 5/5 వేసినా అంతే నవ్వులాట. ఎంచేతంటే ఆ పాటల గురించి చెప్పాల్సింది ఎంతుందో చూడండి. కె.వి.మహాదేవన్ గారిది ముందు సాహిత్యం, తర్వాత బాణీ అనే పద్ధతి. అంటే కవి రాసిన మాటకి ఊపిరి ఎక్కడ ఆగుతుందో చూసుకుని బాణీ కట్టాలి. వేటూరి గారి అంతంత సమాసాలు తడబాటు లేకుండా జనం నోట్లో పడ్డాయంటే అందులో ఆ పద్ధతి వాటా ఎంత? శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలసుబ్రహ్మణ్యం చేత ఒక మహా విద్వాంసుడి పాత్రకి పాడించారు, ఆ గొంతులో ఏం విని ఆ ధైర్యం చేశారు? ఒక పాట మధ్యమావతిలో నడుస్తుంది, ఇంకొకటి బిలహరిలో నడుస్తుంది. కచేరీలో గంట సేపు పాడగలిగే రాగాన్ని సినిమా పాట కొలతకి కుదించినప్పుడు ఏం ఉంచారు, ఏం వదిలేశారు? రాగం పేరు కూడా తెలీని వాళ్ళు ఆ పాటలు ఎలా పాడుకున్నారు? ఒక్కో ప్రశ్నకి ఒక్కో వ్యాసం పడుతుంది. ఇందులో ఒక్క ముక్కైనా "5" అనే అంకెలో పడుతుందా?

ఆ పాటలకి మహాదేవన్, బాలు, వాణీ జయరాం ముగ్గురికీ జాతీయ అవార్డులొచ్చాయి, అవార్డు కూడా ఒక రకం మార్కేగా అంటారేమో. మార్కే. అవార్డు మీద పడి ఎవరూ పాటని అర్థం చేసుకోరు, అందుకే దాన్నీ పక్కన పెట్టాను.

ఇక అంకెల సంగతికొద్దాం, ఇది నా ఇలాకా. 1946లో స్టీవెన్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కొలతల్ని నాలుగు జాతులుగా విడగొట్టాడు. అందులో ఒక జాతి వరసని మాత్రమే చెబుతుంది. పరుగు పందెంలో ఫస్టు, సెకండు, థర్డు అన్నట్టు. ఫస్టుకీ సెకండుకీ మధ్య దూరం జానెడా, మైలా అన్నది ఆ అంకెల్లో ఉండదు. కాబట్టి వాటిని కూడకూడదు, భాగించకూడదు, సగటు తియ్యకూడదు. అన్నకి ఎమ్‌సెట్‌లో వెయ్యో ర్యాంకూ, తమ్ముడికి మూడువేలో ర్యాంకూ వస్తే "మా ఇంటికి సగటున రెండువేలో ర్యాంకొచ్చింది" అని ఎవరైనా స్వీట్లు పంచుతారా? "బావుంది, పర్లేదు, బాలేదు" అనేవి సరిగ్గా ఈ జాతివే. రెండు బావున్నాయి, మూడు పర్లేదు, ఒకటి బాలేదు, వెరసి మూడుంబావు అనడం ఆ స్వీట్లు పంచడం లాంటిదే.

పోనీ సగటు తియ్యొచ్చనే అనుకుందాం. ఆరు పాటల్లో ఒకటి మీ జన్మంతా వెంట వచ్చే పాట, మిగతా అయిదూ దండగ. సగటు ఎంతొస్తుంది? పాస్ మార్కులు కూడా రావు. ఇంకో ఆల్బంలో ఆరూ "పర్లేదు". దానికి సుబ్బరంగా మూడొస్తుంది. పదేళ్ళ తర్వాత మీరు ఏ ఆల్బం వింటారు? అసలు ఏ ఆల్బం పేరైనా గుర్తుంటుంది? పాటల విషయంలో జ్ఞాపకం సగటుల మీద నడవదు. ఒక్క చరణం కోసం మొత్తం కేసెట్టు కొనుక్కున్న జాతి మనది.

ఇంకో విచిత్రం. అయిదు మార్కుల కొలబద్ద అని పేరే గానీ, నేను ఇన్నాళ్ళుగా చూస్తున్నదాంట్లో వాడుకలో ఉన్నది రెండున్నర నుంచి మూడున్నర దాకానే. ఒకటి వేస్తే ఆ హీరో అభిమానులు ఊరుకోరు. అయిదు వేస్తే అవతలి హీరో అభిమానులు ఊరుకోరు. పైగా పక్కనే అదే సినిమా ప్రకటన మెరుస్తూ ఉంటుంది. కాబట్టి అందరికీ క్షేమమైన చోటు మూడు. ఆ మూడుకి పావు కలిపితే మెచ్చుకోలు, పావు తీస్తే మందలింపు. అంటే ఆ పావు సంగీతం కొలత కాదు, మొహమాటం కొలత!

ఇది మన తెలుగువాళ్ళకే పట్టిన జబ్బు అనుకునేరు. నేనుంటున్న దేశంలో ఇంకా ముదిరింది. పిచ్‌ఫోర్క్ అని పేరుమోసిన సంగీత పత్రిక ఉంది. వాళ్ళు 0.0 నుంచి 10.0 దాకా దశాంశంతో సహా మార్కులేస్తారు. అంటే నూటొక్క మెట్లు! 6.7కీ 6.8కీ తేడా వినిపించే చెవులు ఏ తల్లి కన్నదో నాకు తెలీదు. 2006లో జెట్ అనే బ్యాండు వాళ్ళ షైన్ ఆన్ అనే ఆల్బంకి 0.0 వేశారు. సమీక్షలో ఒక్క మాట లేదు. ఒక చింపాంజీ తన మూత్రం తన నోట్లోనే పోసుకునే వీడియో పెట్టి, పైన అంకె వేసి ఊరుకున్నారు. జనం పగలబడి నవ్వారు. నాకు మాత్రం అది ఈ పద్ధతి చేరాల్సిన చోటుకి నిజాయితీగా చేరినట్టు అనిపిస్తుంది. అంకె ఉంటే చాలనుకున్నాక మాటలెందుకు మరి?

అదే పత్రిక 2001లో డాఫ్ట్ పంక్ వాళ్ళ డిస్కవరీకి 6.4 ఇచ్చింది. 2003లో లిజ్ ఫెయిర్ అనే గాయని తన పేరుతోనే తెచ్చిన ఆల్బంకి గుండు సున్నా చుట్టింది. 2021లో పాత మార్కులు దిద్దుతున్నామని చెప్పి మొదటిదానికి 10, రెండోదానికి 6.0 వేసింది. ఈ మధ్య కాలంలో ఆ రికార్డుల్లో ఒక్క స్వరం మారలేదు. మారింది విన్నవాళ్ళు. మారడం తప్పని నేననను. పదిహేనేళ్ళప్పుడు చిరాకు పుట్టించిన పాట ముప్ఫయ్యయిదేళ్ళకి కంటతడి పెట్టించొచ్చు, అది మనిషి లక్షణం. సున్నా చుట్టినాయన 2019లో ఆ గాయనికి బహిరంగంగా క్షమాపణ కూడా చెప్పుకున్నాడు, ఆయన పెద్దమనసుకి దండం. కానీ "ఆ రోజు నాకిలా అనిపించింది" అని రాసి ఉంటే దిద్దుబాటు అవసరమే రాదు. ఆ వాక్యం అప్పటికీ నిజమే, ఇప్పటికీ నిజమే. అంకె వేసినందుకే వచ్చింది తంటా. ఇరవై ఏళ్ళ తర్వాత థర్మామీటరు వచ్చి "సారీ అండీ, ఆ రోజు జ్వరం లేదన్నాను గానీ నిజానికి నూటనాలుగు" అంటే మనం ఆ థర్మామీటరుని ఏం చేస్తాం?

వీళ్ళని మించినవాళ్ళు మెటాక్రిటిక్ వాళ్ళు. 2001 నుంచి అందరి సమీక్షలూ పోగేసి నూటికి ఒక అంకె తేలుస్తున్నారు. ఒకాయన "బి మైనస్" అని గ్రేడ్ ఇస్తే దాన్ని 67 చేస్తారు. కొన్ని పత్రికలకి ఎక్కువ బరువు, కొన్నిటికి తక్కువ బరువు, ఆ బరువులెంతో బయటికి చెప్పరు. అన్నిటికంటే ఘోరం, ఒకాయన మార్కు వెయ్యకుండా ఒళ్ళు దాచుకోకుండా వ్యాసం రాస్తే, అది చదివి వీళ్ళే ఒక అంకె తగిలిస్తారు. మర్యాదగా మాటల్లో మాట్లాడినవాడికి కూడా తప్పించుకునే దారి లేదన్నమాట.

ఇక్కడ మీరు అడిగేది నాకు వినబడుతోంది. "బాబూ, జనానికి టైం లేదు. వందల పాటలొస్తున్నాయి. ఏది వినాలో చెప్పడానికి ఓ అంకె ఉంటే తప్పేంటి?"

ఒకప్పుడైతే ఈ మాటకి బలం ఉండేది. కేసెట్టుకీ, సీడీకీ డబ్బులు పెట్టి కొనే రోజుల్లో, మన ఊళ్ళో కొనేవాడికైనా, ఇక్కడ ఇండియన్ స్టోర్లో డాలర్లిచ్చి కొనేవాడికైనా, కొనాలా వద్దా అన్నది నిజమైన ప్రశ్న. రాబర్ట్ క్రిస్ట్‌గావ్ అనే అమెరికన్ విమర్శకుడు 1969లోనే రికార్డులకి స్కూలు పిల్లల్లాగా గ్రేడులివ్వడం మొదలెట్టాడు. దాచుకోకుండా ఆ శీర్షికకి కొనుగోలుదారుల గైడు అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు. పైగా ఆయన గ్రేడు పక్కన రాసే నాలుగు వాక్యాలు ఎంత చిక్కగా ఉంటాయంటే, గ్రేడు చెరిపేసినా ఆయన ఏం విన్నాడో మనకి తెలుస్తుంది. కానీ ఇప్పుడు కొనేదెవరు? పాట ఫోన్లో ఉంది. నొక్కితే మోగుతుంది. రివ్యూ చదవడానికి పట్టే టైంలో పాటే వినెయ్యొచ్చు. కొనుగోలే లేనప్పుడు ఇంకా ఆ అంకె ఎవరి కోసం?

"మరి ఆలిండియా రేడియో వాళ్ళు గ్రేడులివ్వలేదా?" అనీ అడగొచ్చు. ఇచ్చారు. బి, బి హై, ఎ, టాప్ అని. కానీ ఆ గ్రేడు వల్ల కళాకారుడి పారితోషికం తేలుతుంది, దానికొక పని ఉంది. ఇచ్చేవాళ్ళు సంగీతం తెలిసిన పెద్దలు. పాడింది ఎవరో తెలీకుండా విని ఇవ్వాలన్నది అక్కడి నియమం. మన రివ్యూలు ఏ పేరుతో మొదలవుతాయో పైనే చెప్పాను.

సరే, ఇంత ఆవేశం దేనికయ్యా, పోయేదేముంది అంటారా? పోయేది చాలా ఉంది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. మన పాటల్లో నాయిక కళ్ళ గురించి పాడని పాట అరుదు. ఆ "కళ్ళు" అన్న మాటని తెలుగు రాని గాయకుడు "కల్లు" అని పాడతాడు. హీరో గారు హీరోయిన్ మొహంలోకి చూస్తూ తాటికల్లు గురించి తన్మయత్వంతో పాడుతున్నాడన్నమాట! "కళ" అల్లా "కల" అయి కూర్చుంటుంది. ఇది విని రివ్యూలో ఏమని రాస్తారు? "ఫ్రెష్ వాయిస్, పాటకి ప్లస్ అయింది". మన భాషలో హ్రస్వం దీర్ఘమైతే అర్థం మారిపోతుంది, పలు వేరు, పాలు వేరు. ఇప్పుడు ఎక్కువ భాగం పాటలకి ముందు బాణీ కట్టి, తర్వాత మాటలు కూరుస్తారు. బాణీ సాగదీసిన చోట పొట్టి అచ్చు పడిందా, బాణీ పరిగెత్తే చోట పొడుగు మాట ఇరుక్కుందా అన్నది పాట రాసినవాడి అసలు గెలుపోటములు. ఆ మీటరులో ఒదిగి కూడా ఒక కొత్త మాట అన్నాడా లేదా అన్నది ఆ తర్వాత. ఒక్కరంటే ఒక్కరు దీని గురించి రాస్తున్నారా? "లిరిక్స్ క్యాచీగా ఉన్నాయి" అంటే సరిపోతుందా?

దేశం బయట ఉన్నవాళ్ళకి ఇది సరదా వ్యవహారం కాదు. మా పిల్లలకి బళ్ళో తెలుగు లేదు, వీధిలో తెలుగు లేదు. ఇంట్లో మేము మాట్లాడే నాలుగు మాటల తర్వాత వాళ్ళ చెవిన పడే తెలుగంతా సినిమా పాటే. వాళ్ళు "కల్లు" అని నేర్చుకుంటే "కల్లు" అనే పాడతారు. పాటలో ఏది మంచి తెలుగో, ఏది అరువు గొంతో చెప్పాల్సిన మనిషి మార్కులేసుకుంటూ కూర్చుంటే, చెప్పేదెవరు?

ఇంకా పోయేవి పేర్లు. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే ఆ వేణువు వాయించింది ఎవరు? కోరస్ పాడిందెవరు? వాద్యకారుల్లో ఒక్కరి పేరు కూడా లేకుండా వందలాది ఆడియో రివ్యూలు వచ్చాయి. మూడుంబావులో వాళ్ళ వాటా ఎంతో!

పోయేవాటిలో మాటలు కూడా ఉన్నాయి. ఎత్తుగడ, గమకం, సంగతి, విరుపు, నడక, ఒరవడి. పాట గురించి మాట్లాడుకోవడానికి మనకి ఇంత సరంజామా ఉంది. మా ఊళ్ళో టీకొట్టు దగ్గర పాట విన్న మేస్త్రీ కూడా "ఎత్తుగడ బావుంది గానీ చరణంలో జారిపోయిందండీ" అనేవాడు. ఇప్పుడు చదువుకున్నవాళ్ళం పెప్పీ, ఫుట్ ట్యాపింగ్, సోల్‌ఫుల్ అనే మూడు మాటలతో సంసారం లాగిస్తున్నాం. మాట పోతే దాంతో వినే తెలివీ పోతుంది. విరుపు అనే మాట తెలిసినవాడికే పాటలో విరుపు వినబడుతుంది.

ఈ రివ్యూలు రాసేవాళ్ళ మంచికే ఇంకో మాట. ఇన్నేళ్ళూ మీరు జనానికి ఒకటే అలవాటు చేశారు: కిందకి వెళ్ళు, అంకె చూడు, వచ్చెయ్. ఇప్పుడు ఇంకా పెద్ద అంకె వచ్చింది. ఆల్బం మొత్తం ఒకేసారి రావడం తగ్గింది, లిరికల్ వీడియోల పేరుతో పాటలు విడివిడిగా నెలల తరబడి వస్తున్నాయి. అల వైకుంఠపురములో మొదటి పాట 2019 సెప్టెంబరులో వస్తే, సినిమా 2020 సంక్రాంతికి వచ్చింది. ఇక మార్కు వెయ్యడానికి "ఆల్బం విడుదలైన రోజు" అనేదే లేదు. దాని బదులు ఇరవై నాలుగ్గంటల్లో ఎన్ని వ్యూస్, ఎన్ని లైకులు అన్నదే తీర్పు. ఆ మొదటి పాట రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు. 2021లో ఆయన పోయేదాకా ఆ కలం ఆగలేదు. ఆ పాట గురించి నా చెవిన పడ్డ కబుర్లలో ఆయన పేర్చిన మాటల గురించి ఎన్ని? ఎన్ని కోట్ల మంది చూశారన్న లెక్కల గురించి ఎన్ని? అంకెని నమ్ముకుని బతికినవాడు, ఇంకా పెద్ద అంకె వచ్చిన రోజున ఎవరికీ అక్కర్లేకుండా పోతాడు. మీ మూడుంబావు కోట్ల వ్యూస్ ముందు ఏపాటి? మీ దగ్గర మాటలుంటే ఆ కోట్లు మిమ్మల్ని ఏమీ చెయ్యలేకపోయేవి. వ్యూస్ లెక్కపెట్టే మెషీన్‌కి పాట ఎలా ఉందో చెప్పడం చేతకాదు.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. పాట వచ్చిన గంటలో రాయకండి, ఓ వారం వినండి. కార్లో వినండి, వంట చేస్తూ వినండి, ఒకసారి చీకట్లో కళ్ళు మూసుకుని వినండి. హీరోని మర్చిపోండి. రాసినవాడి పేరు, వాయించినవాళ్ళ పేర్లు దొరికినంతవరకూ రాయండి. నచ్చకపోతే నచ్చలేదని కుండ బద్దలు కొట్టండి, కానీ ఎక్కడ బెడిసిందో వేలెట్టి చూపించండి. నాకు వినబడనిది ఒక్కటి, ఒకే ఒక్కటి, మీ వల్ల వినబడేలా చెయ్యండి. ఆ ఒక్కటి కోసం నేను మళ్ళీ ఆ పాట పెట్టుకుంటాను, మీ పేరూ గుర్తుపెట్టుకుంటాను.

చదివేవాళ్ళకీ ఓ మనవి. ఈసారి రివ్యూ కనబడితే కింద అంకె మీద వేలు అడ్డం పెట్టి చదవండి. చదివాక పాట ఎలా ఉంటుందో కాస్తయినా చెవిలో మెదిలితే అది సమీక్ష. మెదలకపోతే వేలు తియ్యకండి. దాని కింద ఉన్నది చూసినా మీకు కొత్తగా తెలిసేదేమీ లేదు.